కాయ యొకరిది, ధర యొకరిది



గృహిణి చేయు బేరములలో కూరగాయల బేరమువంటిది మఱియొకటి లేదు. బంగారము కొనుట యెన్నడో యొకమాఱు. బట్టలు కొనుట పండుగకొకమాఱు. కూర కొనుట నిత్యకృత్యము. అట్లయ్యు బంగారమును గూర్చియు బట్టలను గూర్చియు మనము మాటలాడుకొనునంతగా కూరను గూర్చి మాటలాడుకొనము. అది యెవరి చేనిలో పండినది, ఏ చేతులు కోసినవి, మనమిచ్చిన రూపాయలలో ఆ చేతులకు చేరినదెంత యను విచారణ మన వంటయిండ్లలో అరుదు. ఎనిమిదేండ్లుగా గోదావరి లంకయందు కాపురముండి, కూరగాయలు పండించువారి నడుమ మెలగుచున్నదానను గనుక, నేను చూచినదియు లెక్కవేసినదియు మీ ముందుంచుచున్నాను.

మా వారు ఉపాధ్యాయులు. వారికి కోనసీమలోని యొక లంకగ్రామపు పాఠశాలకు బదిలీ కాగా మేమిచ్చటికి వచ్చితిమి. నేను బడికి పోయి చదివినది స్వల్పము. మా తాతగారియొద్ద భారత భాగవతములును కొన్ని ప్రబంధములును చదువుకొంటిని. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువునుబట్టి భోజనము పెట్టినట్లును, వానకాలమున కూరలతోబాటు వరుగులు, వడియములు వడ్డించినట్లును రాయలవారు వర్ణించిరి. వానలలో వరుగులెందుకని చిన్ననాడు తాతగారినడిగితిని. “పాదులు నీట మునిగిన నాడు పచ్చికూర యెక్కడిదమ్మా?” యని వారు బదులు చెప్పిరి. ఆ మాటకు అర్థము ఈ లంకలో ప్రతి శ్రావణమాసమునను కన్నుల కగపడుచున్నది.

లంక యనగా నదీపాయల నడుమనున్న నేల. వర్షాకాలమున గోదావరి పొంగి వచ్చి ఒండ్రు పఱచి పోవును. వరదభయము తీఱిన పిదప, కార్తికమాసమునకు ఇచ్చటివారు పాదులు త్రవ్వి, మాగిన పెంట వేసి, రాత్రియంతయు నానబెట్టిన బీర, సొర, కాకర విత్తులను పాదునకు రెండుమూడు చొప్పున నాటుదురు. తీగ సాగుసరికి సరుగుడు గుంజలు పాతి, తీగె లాగి, పందిరి వేయవలెను. మడులలో వంగ, మిరప, సాళ్లలో బెండ, గట్లమీద గోంగూర, చిక్కుడు. మా పొరుగింటి దంపతులకు సొంత భూమి లేదు. 40 సెంట్లు కౌలునకు తీసికొని యీ విధమున సాగు చేయుచున్నారు. వారిని చూచి మిక్కిలి చిన్న కమతమని తలపవలదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారము మన దేశమున ప్రతి 100 కమతములలో 86 కమతములు 2 హెక్టార్లకు, అనగా సుమారు 5 ఎకరములకు, లోపువే. మన పళ్లెములోని కూర చాలవఱకు ఇట్టి చేతులమీదుగా వచ్చుచున్నదే.

ఆ యిల్లాలిని నేను ‘అక్కా’ యని పిలుతును; ఆమె నన్ను ‘చెల్లెమ్మగారూ’ యనును. ఆమె తెల్లవాఱుజామున మూడు గంటలకు లేచి, నుదుటికి బ్యాటరీదీపము కట్టుకొని, పందిరి క్రిందికి పోవును. పందిరి క్రింద నిలువుగా నడువ వీలులేదు. మెడ వంచియే కోయవలెను. బీరకాయ పొలుసు గీచుకొనకుండ, తొడిమ విఱుగకుండ, ఒక్కొక్కటే తీసి గంపలో పరుండబెట్టును. పొట్లకాయ వంకర తిరుగకుండ కొనకు చిన్న రాయి కట్టునది ఆమెయే. ఆ రాతిని విప్పి మఱియొక పిందెకు కట్టునదియు ఆమెయే. వెలుగు వచ్చిన పిదప కాయలను మూడు కుప్పలు చేయును: తిన్ననివి, వంకరవి, పురుగు తాకినవి. మొదటి కుప్ప బజారునకు, రెండవది తక్కువ వెలకు, మూడవది గేదెకు. ఇంత చేసి, వంట చేసి, పిల్లలను బడికి పంపి, మరల కలుపునకు పోవును. అయినను “మీరేమి చేయుదురు?” అని యెవరైన నడిగినచో, “మా ఆయన వ్యవసాయం చేత్తారండి” యనును.

వరి పండించువానికిని కూర పండించువానికిని గల భేదమును నేనిచ్చటనే గ్రహించితిని. ధాన్యమునకు ధర లేనిచో పురి కట్టి నెల దినములు వేచియుండవచ్చును. కూర వేచియుండదు. బీర విత్తిన యేబది అఱువది దినములకు తొలికాపు వచ్చును; అటుపిమ్మట రెండుమూడు దినములకొకమాఱు కోయవలెను. బెండ దినము విడిచి దినము కోయవలెను. తప్పినచో పీచు పట్టును. కోసినది సాయంకాలమునకు వాడును, మఱునాటికి ముడుతలు పడును. కొనువానికి తొందరలేదు, అమ్ముదానికి ప్రొద్దు క్రుంకుచున్నది. ఇట్టి బేరమున నెవరు దిగివచ్చెదరో చెప్పనక్కఱలేదు. అక్క యొకనాడు నవ్వుచు, “కాయ మాదండి, ధర వాళ్లదండి” యన్నది. ఆ మాట నా మనస్సున నాటుకొన్నది. నాటి సాయంకాలము నుండి ఆమె చెప్పగా నేనొక పుస్తకమున లెక్కలు వ్రాయుచున్నాను.

అందులోని యొక దినపు లెక్క చెప్పెదను. బీరకాయలు 20 కిలోలు పట్టణమునందలి కమీషను కొట్టునకు పంపిరి. కిలో 12 రూపాయల చొప్పున 240 రూపాయలు. అందు కమీషను 24, తఱుగని యొక కిలోకు 12, దింపుడు కూలి 10, పడవకును ఆటోకును 30 పోగా మిగిలినవి 164 రూపాయలు. అనగా కిలోకు 8 రూపాయల 20 పైసలు. ఆ దినముననే మా వారు పట్టణమునకు పోయి యుండి, అట్టి బీరకాయలనే వీధి దుకాణమున కిలో 28 రూపాయలకు కొని తెచ్చిరి. గృహిణి యిచ్చిన దానిలో మూడవవంతైనను పందిరి క్రింద మెడ వంచిన దానికి చేరలేదు. నడుమనున్నవారందఱు దొంగలని నేననను. దుకాణమువాడు కుళ్లినవి పాఱవేసికొనవలెను, అద్దె యిచ్చుకొనవలెను. కాని విత్తు, ఎరువు, గుంజలు, నీరు, కూలి, కౌలు అన్నియు ఆ 8 రూపాయల 20 పైసలలోనివే యని మాత్రము మఱువరాదు.

ఈ కష్టమునకు ఉపాయముగనే 1999 జనవరి 26వ తేదీన నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున రైతుబజారులు మొదలైనవి. అంతకు ముందే 1987లో పంజాబున ‘అప్నీ మండీ’ యను పేరను, రైతుబజారుల పిమ్మట 1999 నవంబరులో తమిళనాట ‘ఉళవర్ సందై’ యను పేరను ఇట్టివే వెలసినవి. రైతుబజారున రైతే కూర్చుండి యమ్మును. టోకు ధరకంటె హెచ్చుగను చిల్లర ధరకంటె తగ్గుగను వెల నిర్ణయించి ప్రతి ఉదయము పలకమీద వ్రాయుదురు. అక్క యొకమాఱు అవే 20 కిలోల బీరకాయలు అట్లు అమ్మినది. కిలో 20 రూపాయల చొప్పున 17 కిలోలు పోయినవి. 3 కిలోలు మిగిలినవి. వచ్చిన 340 రూపాయలలో ప్రయాణమునకు 60 పోగా 280. కొట్టునకు పంపిన దానికంటె 116 రూపాయలు హెచ్చు.

ఆ లెక్క చూచి నేను సంతోషింపగా అక్క సంతోషింపలేదు. “ఆ పూట కలుపు ఆగిపోయిందండి. చంటిదానికి జొరం, ఇంట్లో ఎవరూ లేరు” అన్నది. అమ్ముటకు కూర్చుండు ఆ యర్ధదినము ఎవరిదో యెవరును లెక్క వేయరు. మంచి బజారున్నను అచ్చటికి పోవు తీఱిక ఇల్లాలికి లేనిచో ఆ బజారు దూరమే. కావున మా వీధిలోని నలుగురు స్త్రీలు, ఒకే పొదుపు సంఘమువారు, ఒక యేర్పాటు చేసికొనిరి. నలుగురి కాయలను కలిపి వంతులవారీగ ఒక్కొక్క దినమొక్కరు తీసికొనిపోవుట. ఎవరి గంప తూకము వారికి పుస్తకమున వ్రాయుట. పోయినదానికి ఆ దినపు కూలి అందఱి సొమ్మునుండి యిచ్చుట. కూలి యిచ్చుట యను నియమము నా సలహా కాదు, అక్కదే. తూకపు పుస్తకము నాయొద్ద నున్నది. నాలుగు సంవత్సరములలో ఆ పుస్తకమునుగూర్చి తగవు రెండుమాఱులు మాత్రమే వచ్చినది. రెండుమాఱులును తూకపురాయి యెదుటనే తీఱినది.

ఇంతకంటె పెద్ద చిక్కు నీటివలన వచ్చినది. 2022 జూలైలో గోదావరికి వచ్చిన వరద మీలో పలువురకు జ్ఞాపకముండును. జూలై 16వ తేదీన భద్రాచలమువద్ద నీటిమట్టము 71.3 అడుగులకు చేరినది. 1986 తరువాత అంతటి వరద లేదు. ధవళేశ్వరము ఆనకట్టనుండి 25 లక్షల క్యూసెక్కులకు పైబడిన నీరు క్రిందికి వచ్చినది. లంకలు మునిగినవి. మేమందఱము పడవలనెక్కి గట్టుమీది కట్టడములలో తలదాచుకొంటిమి. అందఱును బియ్యము, పత్రములు, పిల్లల పుస్తకములు మూటగట్టుకొని రాగా, అక్క వానితోబాటు మూడు ఎండిన బీరకాయలు తెచ్చినది. ముదిరి యెండిన కాయను కోయక వాసమునకు వ్రేలాడగట్టినచో లోపలి విత్తు చెడదు. ఆమె తల్లి అట్లే దాచెడిదట. నీరు తీసిన పిమ్మట పోయి చూడగా గుంజలు లేవు, తీగె లేదు, పందిరియున్న చోటు గుఱుతుపట్టుటయే కష్టమైనది. ఆ మూడు కాయల విత్తులే కార్తికమున మరల పాదుకెక్కినవి.

పంటనష్టమునకు సాయము వచ్చినప్పుడు మాత్రము ఆ దంపతుల పేరు జాబితాలో లేదు. పత్రములలో భూమి యజమానిది. వీరి కౌలు నోటిమాట. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టము కౌలురైతునకు 11 నెలల కాలమునకు సాగుపత్రము నేర్పఱచినది గాని, దానికి భూమిగలవారి సమ్మతి కావలెను. సంతకము చేసినచో భూమి పోవునేమోయని వారి భయము. పట్టుబట్టినచో కౌలే పోవునేమోయని వీరి భయము. అక్క భూమి యజమాని ఆ యేటి కౌలులో సగము విడిచిపెట్టెను. మంచివారే. కాని యది యాయన దయ. మఱుసటి వరదకు ఆ దయ యుండునో లేదో చెప్పువారెవరు? గుంజలకును తీగెకును చేసిన అప్పు రెండేండ్లకు గాని తీఱలేదు.

పిమ్మటి యేడు ఆ నలుగురును కలిసి యజమానుల యిండ్లకు పోయిరి. భూమిమీది హక్కునకు ఈ పత్రముతో సంబంధము లేదని, ఇది పంటకు మాత్రమేనని, చట్టములోని మాటలను తేటతెలుగున వ్రాసి యిచ్చితిని. ఇద్దఱు యజమానులు సంతకము చేసిరి. అందొకచోట, చేనిలో పని చేయునది ఇల్లాలే గనుక ఆమె పేరనే పత్రము వచ్చినది. అక్కకు మాత్రమింకను రాలేదు. అయినను ఆమె యీ యేడును విత్తినది. “నీరొత్తుందని నాటడం మానేత్తే, కొండమీద కెళ్లి బతకాలండి” యన్నది.

మా యింటి సంగతియు చెప్పవలెను. మా పెరడు ఆఱు సెంట్లు. అందు దొండ, బీర, వంగ, బచ్చలి వేసితిని. మాకును ఇరుగుపొరుగునకును పోగా కాయలు మిగులసాగినవి. వానిని అక్క గంపలో వేసి యమ్మింతునని మా అత్తగారితో ననగా ఆమె ముఖము చిన్నబుచ్చుకొన్నది. “పెరటి కూర అడిగినవారికి పెట్టేది గాని అమ్మేది కాదమ్మా. మేష్టరుగారి భార్య కూరలమ్ముతోందంటే నలుగురూ ఏమనుకుంటారు?” అన్నది. ఆ మాటను తేలికగ త్రోసివేయ నాకు మనసొప్పలేదు. పెట్టుటలోని గౌరవము నేనెఱుగుదును. వనవాసమున ద్రౌపది పాత్రనంటియున్న యొక్క కూరాకుతో శ్రీకృష్ణుడు తృప్తి నొందిన కథ ఆమెయే మా పిల్లలకు చెప్పును. కాని అదే కృష్ణుడు బాలుడై పండ్లమ్ము స్త్రీ వద్దకు దోసిట గింజలు పట్టుకొని పోయినాడు గదా! గింజలు దారిలో జాఱిపోయినను ఆమె దోసిలినిండ పండ్లిచ్చినది. ఆమె గంప రత్నములతో నిండినది. అమ్ముకొనుట తక్కువపనియే యైనచో భాగవతమున ఆ గంపకు అంతటి గౌరవమేల? ఈ మాట ఆమెతో మెల్లగ చెప్పితిని. రెండు దినములు పలుకక, మూడవనాడు తానే యొక కట్టడి చేసినది: ప్రతిపాదు తొలికాపు పంచిపెట్టవలెను, తరువాతి కాపులో ఇంటికి మిగిలినది అమ్మవచ్చును. నేటికిని అదే నడచుచున్నది. ఆ సొమ్ము గొప్పది కాదు. నెలకు పాలఖర్చులో కొంత తీఱును. కాని బజారున ఎవరైన బెండకాయ వెల తగ్గింపుమన్నపుడు అక్క కడుపులో నేమగునో, నా కాయలు ఆ గంపలో నున్నందున నాకిప్పుడు తెలియును.

పెరడున్న సోదరీమణులకు అనుభవమున దెలిసిన నాలుగు మాటలు. బీర, సొర తీగెకు మొదట మగపూలే వచ్చి రాలును, భయపడవలదు. పూవు క్రింద చిన్న పిందె కలది ఆడపూవు. ఈ రెంటి పూలును సాయంసంధ్యను విచ్చును. కాకర పూలు తెల్లవాఱుజామున విచ్చును. పిందెలు నిలువనిచో ఆ వేళకు మగపూవును కోసి ఆడపూవు నడుమ మెల్లగ తాకించిన నిలుచును. దొండకు విత్తు అక్కఱలేదు. ముదురుతీగె ముక్క నాటిన చాలును, ఏండ్లతరబడి కాయును. పండుఈగ కుట్టి రాలిన కాకర, బీరకాయలను ఏరి లోతుగ పాతవలెను. చెట్టు క్రింద విడిచినచో ఈగ పెరుగును. వంగకొమ్మ తల వాడినచో పురుగు లోపలనున్నదని తెలిసి, వాడినంతమేర త్రుంచి కాల్చవలెను. జీవామృతము చేయువారు 200 లీటర్ల నీటికి ఆవుపేడ 10 కిలోలు, గోమూత్రము 10 లీటర్లు, బెల్లము 2 కిలోలు, పప్పుపిండి 2 కిలోలు, గట్టుమట్టి గుప్పెడు కలుపుదురు, అది యెకరమునకు. పెరటికి అందు ఇరువదవ పాలు చాలును. మఱియొకటి మఱువరాదు: సొరకాయ తఱుగునపుడు చిన్నముక్క నాలుకకు తాకించి చూడుడు. చేదుగనున్నచో నిస్సందేహముగ పాఱవేయుడు. 2011లో భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘము చేదు సొరరసము ప్రమాదకరమని హెచ్చరించినది.

ఈ కూరలు మన లంకలకే పరిమితములు కావు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున నున్న మా పినతల్లి కుమార్తె, ఫ్రెస్నో పట్టణపు రైతుల సంతలో బీర, కాకర, వంగ, బారెడు చిక్కుళ్లు కొనుచున్నానని చెప్పినది. వానిని పండించువారు హ్మాంగ్ అను జాతివారట. 1975 తరువాత లావోస్ దేశమునుండి శరణార్థులై వచ్చిన ఆ కుటుంబములు ఫ్రెస్నో చుట్టుపట్ల చిన్న చిన్న చేలలో, చాలవఱకు కౌలునేలపైననే, ఈ కూరలు సాగు చేయుచున్నవి. అమ్ము ముసలమ్మకు తెలుగు రాదు. దీనికి హ్మాంగ్ రాదు. కాకరకాయనెత్తి చూపి ఇరువురును చేదన్నట్లు ముఖము పెట్టి నవ్వుకొందురట. ఈ మాట అక్కకు చెప్పగా, “అక్కడా కౌలేనాండి?” అని మాత్రమడిగినది.

ఇక నా మనవి. బెండకాయ లేతదో కాదో చూచుటకు కొనలు విఱిచి విడిచిపెట్టుట, సొరకాయకు గోరు గుచ్చుట మనలో ననేకుల యలవాటు. విఱిచిన కాయలనెవరును కొనరు. సాయంకాలమునకు అవి గేదెపాలగును. చేతితో మెల్లగ వంచి చూచినను లేతదనము తెలియును. వంకరకాయ రుచికి వంకర లేదు. వారమునకొకమాఱైనను దానిని కొనుడు. మార్గశిరమున మామిడికాయ, నడివేసవిని క్యాబేజి కోరక, కాలమునకు కాచినదానిని వండుడు. అట్లయిన దగ్గఱి చేలకు గిరాకి కలుగును. రైతుబజారు దగ్గఱ నుండగా ఇంటిముందటి దుకాణమునకే పోవువారు నెలకు రెండుమాఱులైనను అచ్చటికి పోయి, అమ్ము స్త్రీని ఏ యూరని పలుకరింపుడు. మీలో భూమి కౌలునకిచ్చిన కుటుంబములవారుందురు. సంతకము విషయమై మీ యింటివారితో నొకమాఱు మాటలాడుడు. భూమి మీదిగానే యుండును; పంట పోయిన నాడు పండించినది మాత్రము రిక్తహస్తములతో నిలువకుండును.

ఈ వ్యాసము ముగించుచుండగా పెరటిగోడ ఆవలినుండి అక్క కేక వినవచ్చుచున్నది. రేపటి వంతు ఆమెదట. తూకపు పుస్తకము కావలెనట. సెలవు.